ఎవరూ చూడలేదని చెప్పాను

సంత్రాగాఛి,
ఫిబ్రవరి 11

అత్తా,

ఉత్తరం చూసి కంగారుపడకు. ప్రాణాలతోనే ఉన్నాను. బావ దగ్గర్నుంచి వచ్చేశాను. వచ్చి ఆరు రోజులైంది.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటి అనుకుంటావు. నా ఫోను టికియాపారా రైల్వే క్వార్టర్లోనే ఫ్రిజ్ మీద పెట్టి వచ్చాను. అందులో బావ ఏదో పెట్టించాడు. నేనెక్కడున్నానో, ఎవరితో ఎంతసేపు మాట్లాడానో అన్నీ తనకు తెలిసిపోతాయి. నీ ఫోను కూడా తను కొనిచ్చిందే కాబట్టి దానికీ చెయ్యను. ఉత్తరమైతే తన చేతికి చిక్కినా చదవలేడు. మావయ్య ఉద్యోగం మూలాన హిందీ బడిలో చదివిన తనకి తెలుగు అక్షరాలు ముగ్గుల్లా కనిపిస్తాయని తనే అనేవాడు కదా. చిన్నప్పుడు లిలువాలో రోజూ సాయంత్రం నాన్న నా చెవి మెలేసి మరీ గుణింతాలు నేర్పాడు. అవి ఇలా పనికొస్తాయని మా ఇద్దరికీ తెలియదు.

నాలుగో తారీఖున గ్యాసు బండి వచ్చిందని కిటికీలోంచి పక్కింటావిడకు చెప్పాను. అంతే. ఎందుకు మాట్లాడావని ఎడమచెయ్యి మెలితిప్పాడు. మర్నాడు పొద్దున్న డ్యూటీకి వెళ్తూ ఎప్పటిలాగే నా చెప్పులు సంచీలో వేసుకుని వెళ్లాడు. నా చెప్పులు ఎక్కడికి వెళ్తాయో నీకు తెలుసు. చెప్పుల్లేని ఆడది వీధిలోకి వెళ్లదని తన నమ్మకం. ఏడేళ్లు నిజంగానే వెళ్లలేదు. ఆ రోజు మాత్రం వట్టి కాళ్లతోనే స్టేషనుకి నడిచి, వచ్చిన లోకల్ రైలు ఎక్కేశాను.

అమ్మ స్నేహితురాలు ముసలమ్మ పిన్ని గుర్తుందా, మున్సిపాలిటీలో ఊడుస్తుంది? ఆమె ఇంటికే వచ్చాను. తలుపు తీసి నన్ను పైనుంచి కిందికి చూసింది.

“ఏటే పిల్లా, కాళ్లకేటీ లేకుండా వొచ్చినావు? ముందు కాళ్లు కడుక్కో. తినీసి తొంగో. ఏటయిందో రేపు సెబుదువుగాని,” అంది. మూడు రోజుల దాకా ఏమీ అడగలేదు.

అత్తా, నేనిక్కడున్నానని బావకు చెప్పకు. నిన్ను నమ్ముతున్నానని ధైర్యంగా రాయలేకపోతున్నాను. కానీ అమ్మా నాన్నా పోయాక నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? జవాబు ముసలమ్మ పిన్ని ఇంటికే రాయి. అడ్రసు వెనక రాశాను.

నీ
జ్యోతి

*

మందస,
ఫిబ్రవరి 24

నా తల్లి జ్యోతికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. ఎవరికీ చూపించలేదు. బియ్యం డబ్బాలో అడుగున దాచాను.

అశోక్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. “అమ్మా, అది నన్నొగ్గేసి ఎలిపోయింది. నానేటి సేసినానని?” అని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. నీ సంగతి నాకు తెలియదనే చెప్పాను. కన్నకొడుకుతో అబద్ధమాడటం నాకిదే మొదలు.

నిన్ను బయటివాళ్లకిస్తే ఎలా చూస్తారో అని మా తమ్ముడు బైరాగి దిగులుపడుతుంటే, నా మేనకోడలు నా ఇంటికే రావాలని పట్టుబట్టినదాన్ని నేను. మేనరికమైతే ఆడపిల్ల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లినట్టేనని అందరూ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. మీ నాన్న పోయేముందు నీ చెయ్యి నా చేతిలో పెట్టి కళ్లు మూశాడు.

వాడికి కోపం ఎక్కువ, కాదనను. మీ మావయ్యా అంతే. వయసుతో తగ్గుతుంది. ఒక బిడ్డ పుడితే వాడే సర్దుకుంటాడు. చెప్పుల సంగతి రాశావు. నీ మీద ఆపేక్ష ఎక్కువై అలా చేస్తాడేమో గాని చెడ్డవాడు కాదమ్మా. ఆ ముసలమ్మ ఒక్క గదిలో ఎన్నాళ్లుంటావు? కాలనీలో నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. నేను వచ్చి ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడతాను. ఈలోగా వాడికి ఒక్కసారి ఫోన్ చెయ్యి.

చెయ్యి ఎలా ఉంది? కొబ్బరినూనె వేడిచేసి రాసుకో. కవరు మీద ఇంగ్లీషులో రాస్తే తొందరగా చేరుతుందని మందుల షాపాయన చేత రాయించాను.

మీ అత్త
అమ్మన్నమ్మ

*

సంత్రాగాఛి,
మార్చి 9

అత్తగారికి,

మీ ఉత్తరం అందింది. టికియాపారా మీదుగా అందింది.

కవరు మీద ‘జ్యోతిరాణి, అశోక్‌కుమార్ భార్య, రైల్వే’ అని, ఆ కింద ముసలమ్మ పిన్ని ఇల్లూ సందూ అన్నీ ముత్యాల్లా రాయించారు. పెళ్లయినదానికి ఉత్తరం రాస్తే మొగుడి పేరు లేకుండా రాయకూడదు కదా మనకి. ఈ సందులో నేనెవరో ఎవరికీ తెలియదు. కానీ చివరింట్లో ఉండే ఆయన మీ కొడుకు పనిచేసే షెడ్డులోనే చేస్తున్నాడట. ‘అశోక్ అన్న ఉత్తరమా, నేనిచ్చేస్తాలే’ అని పోస్టుమ్యాన్ దగ్గర తీసుకుని, పాపం సాయం చేశాననుకుంటూ తీసుకెళ్లి ఇచ్చాడు.

లోపలిది చదవలేక, మీ కొడుకు దాన్ని గోవిందరాజు తాత దగ్గరికి పట్టుకెళ్లాడు. టికియాపారాలో ఎవరికి తెలుగు ఉత్తరమొచ్చినా ఆయనే కదా చదివిపెట్టేది. తాత ముందు తనలో తను అంతా చదివేసుకుని, “మీ అమ్మ పొయ్యి ఎలిగించనేదట బావూ. నీ మీద బెంగట్టుకుంది,” అన్నాడట. మిగతాది కళ్లజోడు మార్చుకుని మధ్యాహ్నం చదువుతానని చెప్పి, ఉత్తరం జేబులో పెట్టుకుని, ముసలమ్మ పిన్నికి ఫోన్ చేశాడు. కవరు మాత్రం మీ కొడుకు చేతిలోనే ఉండిపోయింది. దారి చూపించడానికి అది చాలు.

మీ కొడుకు వచ్చేసరికి పొద్దుటి డ్యూటీ దిగిన ఆడవాళ్లు ఏడుగురు మా మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. చీపుళ్లు గోడకి ఆనించి ఉన్నాయి. ఎవరూ కేకలు వెయ్యలేదు. ఎవరూ లేవలేదు కూడా.

“నా పెళ్లాన్ని తీసికెల్లడానికొచ్చినాను. మీరెవులు మద్దిన?” అన్నాడు.

“మేమా? ఈ మెట్ల మీద రోజూ కూకునేవోళ్లం,” అంది ముసలమ్మ పిన్ని. “అది రానంటంది. నువ్వు ఎల్లు బావూ. టీ తాగుతావంటే తాగి ఎల్లు.”

ఆయన ఆ కవరు నాకు కనిపించేలా ఆడించి, “మా అమ్మే రాసింది నీ అడ్రసు. సూడు. నీకు ఎవులున్నారింక?” అని అరిచాడు. అరగంట నిలబడి వెళ్లిపోయాడు.

కవరు చూశాక మీరు కావాలని చెయ్యలేదని అర్థమైంది. తర్వాత తాత తెచ్చిచ్చిన లోపలి ఉత్తరం చదివాక మాత్రం, కావాలని చెప్పినా ఇంతకన్నా బాధపడేదాన్ని కాదనిపించింది.

ఇక్కడ శ్యామలీదీ అని ఒకావిడ ఉన్నారు. మాలాంటివాళ్ల తరఫున కోర్టులో అర్జీ వేయిస్తారు. ఆయన నా దగ్గరికి రాకుండా ఉత్తర్వు అడుగుదామన్నారు. ఏడేళ్లలో కొట్టడం ఎవరైనా కళ్లారా చూశారా, వాళ్లు చెబితే బలంగా ఉంటుంది అని అడిగారు.

ఎవరూ చూడలేదని చెప్పాను.

జ్యోతిరాణి

*

మందస,
మార్చి 24

జ్యోతీ,

నన్ను ‘మీరు’ అని రాశావు. చదువుతుంటే ఎవరికో వచ్చిన ఉత్తరం నేను విప్పినట్టుంది.

కవరు సంగతి నా తప్పే. మందుల షాపాయన ‘ఎవరి భార్య?’ అని అడిగాడు, నోటికొచ్చినట్టు చెప్పేశాను. నలభై ఏళ్లుగా అలాగే రాయిస్తున్నాను. అది నీ మెడ మీదికొస్తుందని తోచలేదు. ఈసారి నీ పేరు, ముసలమ్మ పేరు తప్ప ఇంకేమీ వద్దన్నాను. ఆయన నన్ను అదోలా చూశాడు.

ఇక్కడ జీడితోటలు బాగానే పూశాయి. మొన్న గాలికి కొంత పూత రాలింది. నా మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. పక్కింటివాళ్ల గేదె ఈనింది, జున్నుపాలు ఇచ్చారు. నీకు జున్నంటే ఇష్టమని గుర్తొచ్చి తినబుద్ధి కాలేదు.

ఇంకేం రాయాలో తెలియక పొద్దుట్నుంచి కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ఎవరూ చూడలేదని ఎందుకు చెప్పావు?

అమ్మన్నమ్మ

*

సంత్రాగాఛి,
ఏప్రిల్ 13

అత్తా,

జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. కోపం వల్ల కాదు. పనిలో చేరాను. స్కూలు యూనిఫారాలు కుట్టే చోట. చెయ్యి నయమైంది. వాన పట్టేముందు మాత్రం మణికట్టు సలుపుతుంది.

ప్రతి గురువారం శ్యామలీదీ హౌరాలో ఒక మిఠాయి కొట్టు పైగదిలో మమ్మల్ని కూర్చోబెడతారు. బెంగాలీవాళ్లు, బిహారీలు, తెలుగుదాన్ని నేనొక్కదాన్ని. మొదటి మూడు వారాలు నోరు విప్పలేదు. నాలుగో వారం ఒక బిహారీ ఆవిడ, అలంకరించుకుంటుందని వాళ్లాయన ఇంట్లో అద్దాలన్నీ తీయించేశాడని చెప్పింది. అప్పుడు నేను చెప్పుల సంగతి చెప్పాను. నా చెప్పులు రోజూ రైల్వే షెడ్డుకి డ్యూటీకెళ్లి వచ్చేవని అంటే ఒకావిడ ఫక్కున నవ్వింది. తర్వాత అందరం నవ్వాం. ఏడేళ్లలో అంత నవ్వు నవ్వలేదు. ఇంటికొచ్చి అంత ఏడుపూ ఏడ్చాను.

ఇంకా మనిషిని కాలేదు అత్తా. నీళ్లు పోసుకోవడానికి కూడా పిన్నిని అడుగుతున్నాను. మొన్న విసుక్కుంది, “నానేటి నీకు జైలరునా? పోసుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం,” అని. నా ఇష్టం అంటే ఏం చెయ్యాలో తోచక చాలాసేపు బకెట్టు దగ్గరే నిలబడ్డాను.

ఒక్కోరోజు బావ గుర్తొస్తాడు. సెలవులకి లిలువా వచ్చి, నన్ను సైకిలెక్కించి వెనకాలే పరిగెత్తిన బావ. ఆ బావ మళ్లీ వస్తాడని ఏడేళ్లు చూశాను. ఈ మాట పైగదిలో కూడా చెప్పలేదు. నీకు చెబుతున్నాను, ఎందుకంటే ఆ పిల్లాణ్ణి నువ్వూ ఎరుగుదువు.

ఎందుకు చెప్పానని అడిగావు. నీ పేరు చెబితే కోర్టువాళ్లు నిన్ను పిలుస్తారు. నువ్వు వచ్చి, అందరి ముందూ, ‘నేనేమీ చూడలేదు’ అంటావు. ఆ మాట నీ నోట వినడం నా వల్ల కాదు. కేసు ఓడిపోయినా సరే అనుకున్నాను.

జ్యోతి

*

మందస,
మే 30

జ్యోతీ,

అశోక్‌కి కోర్టు కాగితం అందిందట. ఫోన్ చేశాడు. “అమ్మా, నువ్వొచ్చి సెప్పాల. దుర్గాపూజలకొచ్చి నలభై రోజులు మాకాడున్నావు కదా. నానెప్పుడూ దానిమీద సెయ్యెత్తనేదని జడ్జికి సెప్పు. నువ్వు సెబితే నమ్ముతారు,” అన్నాడు.

అంటే చూసింది నేనని వాడికీ గుర్తుంది.

వస్తానన్నాను. టిక్కెట్టు వాడే తీశాడు. జూన్ పద్దెనిమిదికి హౌరా కోర్టులో ఉంటాను. అక్కడ ఏం చెబుతానో ఇందులో రాయను. కాగితం మీద రాస్తే నువ్వు నమ్మవు. నమ్మమని అడిగే ముఖం కూడా నాకు లేదు.

అమ్మన్నమ్మ

*

సంత్రాగాఛి,
జూన్ 7

అత్తా,

నీ ఉత్తరం శ్యామలీదీకి చదివి వినిపించాను. ఆవిడ, “నీకేమనిపిస్తోంది?” అన్నారు. తెలియదన్నాను.

ఒక్కటే కోరుకుంటున్నాను. బావ తరఫున చెప్పడానికే వస్తుంటే, చెప్పేటప్పుడు నా వైపు చూడకు.

జ్యోతి

*

మందస,
జూన్ 23

నా తల్లి జ్యోతికి,

కోర్టులో వచ్చీరాని బెంగాలీలో, హిందీలో చెప్పాను. నువ్వు వెనక బెంచీలో కూర్చుని విన్నావు. కానీ మన భాషలో నీకు నేను ఒక్క ముక్కా చెప్పలేదు. బయటికొచ్చాక నీ ముఖం చూడలేక గోవిందరాజు వెంట స్టేషనుకి వెళ్లిపోయాను. అందుకే రాస్తున్నాను. ఇది నీ దగ్గర ఉండాలి.

రెండేళ్ల కిందట అష్టమినాడు పూజ పందిరికి వెళ్దామని నువ్వు జడ వేసుకున్నావు. నేనే పూలు పెట్టాను. వాడు డ్యూటీ నుంచి వచ్చి, ఎవరికోసం ఈ ముస్తాబని ఆ జడ పట్టుకుని వంటింట్లోకి ఈడ్చుకెళ్లాడు. నీ తల గట్టుకి తగిలిన చప్పుడు విన్నాను. లేచాను. నువ్వు నన్ను చూశావు. నేను వస్తాననుకున్నావు. నేను టీవీ దగ్గరికి వెళ్లి సౌండు పెంచాను. పక్క క్వార్టరువాళ్లు వింటారని. వాడు బయటికి పోయాక నీకు కాఫీ కలిపి ఇచ్చి, ‘ఎవరైనా అడిగితే జారిపడ్డానని చెప్పు’ అన్నాను. నువ్వు తల ఊపావు. తాగాక గ్లాసు కూడా నువ్వే కడిగావు.

మీ మావయ్య నన్ను కొట్టేటప్పుడు మా అత్త వెళ్లి తులసికోట దగ్గర కూర్చునేది. ఆవిణ్ణి జన్మలో క్షమించకూడదని అనుకున్నదాన్ని నేను.

బోనులో నిలబడేదాకా నాకూ తెలియదు తల్లీ, నిజం చెబుతున్నాను. ముందురోజంతా వాడు నాకు సేవలు చేశాడు. కాళ్లు పట్టాడు. పొద్దున్న ఇడ్లీ తెచ్చి దగ్గర కూర్చుని తినిపించాడు. జడ్జిగారు ‘ఈయన మీకేమవుతారు?’ అన్నారు. కొడుకు అన్నాను. ‘ఆమె?’ అన్నారు. నా తమ్ముడి కూతురు అన్నాను. కోడలు అనాలని కూడా తోచలేదు. ఆ మాట నోట్లోంచి వచ్చాక మిగతాదంతా దానంతటదే వచ్చేసింది. చెప్పులు, ఫోను, జడ, టీవీ. వాడి తరఫు వకీలు, కోడలు మీకు నూరిపోసిందా అన్నాడు. అది నన్ను అడగను కూడా లేదు బాబూ, అన్నాను.

వాడు తల ఎత్తలేదు. బయట మెట్ల దగ్గర, “నాకింక అమ్మ నేదు,” అన్నాడు. తిరుగు టిక్కెట్టు వాడి జేబులోనే ఉండిపోయింది. జనరల్ పెట్టెలో కూర్చుని వచ్చాను. ఖరగ్‌పూర్ దాకా ఒక్కటే ఏడుపు. ఎదురుగా కూర్చున్న ఆవిడ, ఎవరైనా పోయారా అని అడిగింది. వాడు నా కొడుకు జ్యోతీ. ఇప్పటికీ వాడు తిన్నాడో లేదో అనుకుంటూనే అన్నం పెట్టుకుంటున్నాను. అయినా రేపు మళ్లీ అడిగినా అదే చెబుతాను. ఆ అష్టమినాడే చెప్పి ఉంటే వాడికైనా మేలయ్యేది.

ఒక్కటి అడుగుతాను. నన్ను క్షమించావా? లేదన్నా నాకు న్యాయమే.

మీ అత్త

*

సంత్రాగాఛి,
జూలై 20

అత్తా,

ఉత్తర్వు వచ్చింది. బావ మా సందులోకి గాని, నేను పనిచేసే చోటికి గాని రాకూడదు. ఫోన్ చెయ్యకూడదు. నా సర్టిఫికెట్లూ బట్టలూ పోలీసు సమక్షంలో ఇచ్చేయాలి. శ్యామలీదీ కాగితం చదివి చెబుతుంటే ముసలమ్మ పిన్ని మధ్యలో ఆపి, “మల్లీ సదవండి దీదీ,” అంది. మూడుసార్లు చదివించుకుంది. నీ మాట మీదే ఉత్తర్వు నిలబడిందని శ్యామలీదీ అన్నారు.

నువ్వు అడిగిన దానికి నెల రోజులుగా జవాబు వెతుక్కుంటున్నాను. ‘క్షమించాను’ అని రాసి రెండు కాగితాలు చింపేశాను. నిన్ను సంతోషపెట్టడానికి రాస్తే అది మళ్లీ జారిపడ్డానని చెప్పడమే అవుతుంది.

ఆ రోజు నువ్వు నా వైపు చూస్తూనే చెప్పావు. అది మర్చిపోను. టీవీ దగ్గరికి నడిచిన నువ్వూ గుర్తున్నావు. ఇద్దరూ నువ్వే. ఏం చెయ్యను చెప్పు?

పిన్ని ఇంటి పక్కనే ఒక గది ఖాళీ అయితే తీసుకున్నాను. చిన్నదే. అక్కడ నువ్వొక్కదానివీ ఎవరి కోసమో ఎదురుచూస్తూ అన్నం పెట్టుకోవద్దు. బయల్దేరి రా. ఉండబుద్ధైనన్నాళ్లు ఉండు.

క్షమించలేదు అత్తా, ఇంకా లేదు. అయినా ఏ బండికి వస్తున్నావో రాయి. స్టేషనుకి నేనే వస్తాను.

జ్యోతి